తనిఖీకి అరువు పిల్ల

మా శశికాంత్‌కి సిగ్గూ ఎగ్గూ లేదని తల్లినైన నేనే చెబుతున్నాను. ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే కొట్లాటకి వెళ్ళేదాన్ని.

తెనాలిలో ఎయిడెడ్ బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రెండువేల పన్నెండులో ఆర్నెల్లు ఉందామని అమెరికాలో ఫ్రీమాంట్ వచ్చేసరికి నా కొడుకూ, వాడి స్నేహితుడు విశ్వనాథమూ కలిసి ఒక బడి నడుపుతున్నారు. చార్టర్ స్కూలట. ఫీజు లేదు. డబ్బు సర్కారుది, పెత్తనం వీళ్ళది. మన ఎయిడెడ్ బడే కదరా అంటే "అది వేరు, ఇది వేరు అమ్మా" అని విసుక్కున్నాడు. ఇంకొన్ని క్లాసులు పెంచడానికి గ్రాంటుకి అప్లై చేశారు. అన్ని రకాల పిల్లల్నీ చేర్చుకుంటాం, వెనకబడ్డవాళ్ళని ప్రత్యేకంగా చూసుకుంటాం అని అందులో రాశారు. రాయడానికేం, చెయ్యి నొప్పి తప్ప.

ఎదురు అపార్ట్‌మెంట్‌లో రేణు ఉంటుంది. ఆమె కూతురు రాగిణికి ఏడేళ్ళు. మాటలు సరిగా రావు, చప్పుడైతే చెవులు మూసుకుంటుంది. సీట్లకి తీసే లాటరీలో ఆ పిల్లకి వీళ్ళ బళ్ళోనే సీటొచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే "మీ అమ్మాయికి మా స్కూల్ రైట్ ఫిట్ కాదండీ" అని తియ్యగా చెప్పి, రేణు చేతే మాన్పించారు. ఆ పిల్ల ఉంటే టెస్టుల్లో బడి మార్కులు పడిపోతాయట, అదీ అసలు సంగతి.

గ్రాంటువాళ్ళు తనిఖీకి వస్తున్నారని తెలిసిన సాయంత్రం శశికాంత్ నా పక్కన చేరాడు.

"అమ్మా, రేణుకి నువ్వంటే గౌరవం. థర్స్‌డే ఒక్కరోజు రాగిణిని స్కూల్‌కి పంపమని అడుగు."

మా ఊళ్ళో డీఈఓ వస్తున్నాడంటే మా బడి మేనేజరు పక్కవీధి బడినుంచి పిల్లల్ని అరువు తెచ్చి బెంచీలు నింపేవాడు. ఆయన వెళ్ళగానే తలా ఒక బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టి తరిమేవాడు. ఆ కంపు వదిలిందనుకుంటే, ఇంత దూరం వచ్చాక నా కొడుకింట్లోనే తగిలింది.

"తర్వాత సీటిస్తావా?" అని అడిగాను.

"చూద్దాం అమ్మా."

మా ఇంట్లో చూద్దాం అంటే లేదని అర్థం.

రేణు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. పంపొద్దని కూడా చెప్పాను. ఆమె తల వంచుకుంది.

"తెలుసు ఆంటీ. విశ్వనాథం గారు కూడా కాల్ చేశారు. ఒకవేళ దాన్ని చూసి వాళ్ళ మనసు మారితే? ఆ ఛాన్స్ నేను వదులుకోలేను."

గురువారం రేణు కూతుర్ని తీసుకెళ్తుంటే నేనూ వెళ్ళాను. రాగిణి బల్ల మీద పేరు అంటించారు. పక్కన ఒక టీచరమ్మని ప్రత్యేకంగా కూర్చోబెట్టారు. పిల్ల రంగు చెక్కముక్కలు వరసగా పేర్చుకుంటూ హాయిగా ఉంది. వచ్చిన ఆఫీసరమ్మ అది చూసి మురిసిపోయింది. విశ్వనాథం చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు. పైన పటారం, లోన లొటారం.

ఆమె గుమ్మం దాటిందో లేదో, విశ్వనాథం బల్ల మీది పేరు పీకేశాడు. రాగిణి కుర్చీ వదల్లేదు. రెండు చేతులతో బల్ల అంచు పట్టేసుకుంది. "హోమ్‌కి వెళ్దాం, గుడ్ గర్ల్" అంటూ నా కొడుకు ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తున్నాడు. పిల్ల కేకలు పెడుతోంది. రేణు కూతుర్ని పట్టుకోబోయి, చేతకాక గోడకి ఆనుకుపోయింది.

ఛీ. వీణ్ణా నేను కన్నది?

గబగబా పార్కింగ్‌లోకి నడిచాను. ఆఫీసరమ్మ కారు స్టార్ట్ చేసింది. వెళ్ళి అద్దం మీద కొట్టాను. నా వెనకే శశికాంత్ పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ప్లీజ్. ఇది బయటపడితే గ్రాంట్ పోవడమే కాదు, స్కూల్ కూడా క్లోజ్ చేసుకోవాలి."

"చేసుకో."

ఆమె అద్దం దించింది. "మేడమ్, మీరు మెచ్చుకున్న పిల్లని కుర్చీలోంచి లాగేస్తున్నారు. ఇంకోసారి వచ్చి చూడండి" అన్నాను ఇంగ్లీషులో.

నా కొడుకు ముందుకొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "సారీ. మా అమ్మకి మతి స్థిమితం లేదు. ఏదేదో మాట్లాడుతుంది" అన్నాడు, వాడూ ఇంగ్లీషులోనే, నవ్వుతూ.

ఆ చెయ్యి తీసి పక్కకి నెట్టాను. లోపల్నుంచి రాగిణి కేక అక్కడికీ వినిపిస్తోంది. ఆఫీసరమ్మ ఒక్క క్షణం చెవి ఒగ్గి విని, ఇంజిన్ ఆపేసింది.