బి ట్యూబు

గోరువెచ్చని ఉప్పునీటిలో తడిపిన గాజుగుడ్డను ముసలామె మడమ మీద ఉంచి, పాత కట్టు దానంతటదే వదులయ్యేదాకా ఆ పరిశోధక విద్యార్థిని ఆగింది. లాగితే కొత్తగా పట్టిన చర్మం కూడా ఊడివస్తుంది. ఐదేళ్లలో నూట ఇరవై మంది కాళ్ల పుళ్లు కడిగిన చేతులవి. వాటికి తొందర తెలియదు.

పుళ్లు కడగడం ఆమె పరిశోధనలో భాగమే. రోజూ పొద్దున్నే ప్రొఫెసరుగారింటికి వచ్చి ఆయన తల్లి కాలు కడగడం మాత్రం ఏ నిబంధనలోనూ లేదు. డాక్టరేటు కోసం ఆయన దగ్గర చేరిన ప్రతివాళ్లకీ ఒక ఇంటిపని అంటుకుంటుంది. ఆమెకు ముందున్నతను నాలుగేళ్లు కారు తుడిచాడు. థీసిస్ మీద సంతకం పడిన రోజున కూడా తుడిచే వెళ్లాడు.

"నిన్నటికంటే తగ్గిందా అమ్మాయ్?" అంది ముసలామె.

"తగ్గింది మామ్మగారూ. రూపాయి బిళ్లంత ఉండేది, ఇప్పుడు గింజంత."

"మా వాడి హస్తవాసి మరి!"

"హస్తం నాది కదండీ."

ముసలామె బోసినోటితో నవ్వింది. "అదీ నిజమే. చిన్నప్పుడు మోకాలు గీరుకుంటేనే వాడికి కళ్లు తిరిగేవి. డాక్టరెలా అయ్యాడో నాకిప్పటికీ అంతుపట్టదు."

ఆమె పరిశోధన చెప్పుకోవడానికి సులువైనదే. మానని పుళ్లకు ఒక కంపెనీ కొత్త లేపనం చేసింది. ఆసుపత్రిలో ఎప్పటినుంచో వాడే మామూలు లేపనం కంటే అది మేలా కాదా అని తేల్చాలి. మందుల గది పెద్దాయన రెండింటినీ ఒకేలాంటి తెల్ల ట్యూబుల్లో నింపి, కొన్నిటికి ఎ అని, కొన్నిటికి బి అని చీటీలు అంటించాడు. ఏది ఏదో ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, లక్క సీలు వేసి ఆసుపత్రి పరిశోధనల కమిటీ బీరువాలో దాచాడు. పూసేవాళ్లకీ తెలియకూడదు, పూయించుకునేవాళ్లకీ తెలియకూడదు. చివరి రోగి లెక్క ముగిశాకే కవరు తెరవాలి.

తొంభై మంది అయ్యేసరికే ఎ వాళ్ల పుళ్లు మానుతున్నాయని, బి వాళ్లవి ముదురుతున్నాయని కొలతల్లో తేలింది.

"అయితే ఎ అంటే కొత్తదన్నమాట," అన్నాడు ప్రొఫెసరు ఆమె పుస్తకం లాక్కుని.

"కవరు తెరవలేదు సార్."

"మానేదేదో కంటికి కనిపిస్తుంటే కవరెందుకమ్మా? నువ్వు కొలువు. ఆలోచించే పని నాకొదిలెయ్."

తల్లికి ఎ ట్యూబులే తెప్పించాడు. మూడు నెల్లు తిరిగేసరికి కొత్త లేపనమే మేలని వ్యాసం అచ్చయింది. మొదటి పేరు ఆయన కూతురిది. ఆ కూతురు పుండన్నది దగ్గర్నుంచి చూసి ఎరగదు. కొలిచినామె పేరు చివర కృతజ్ఞతల్లో కూడా లేదు.

నిన్న మధ్యాహ్నం నూట ఇరవయ్యో రోగి లెక్క ముగిసింది. కవరు తెరుస్తున్నాం రమ్మంటే, "నాకు తెలిసిందేగా, కానివ్వండి," అని ప్రొఫెసరు కంపెనీవాళ్లతో భోజనానికి వెళ్లిపోయాడు. కమిటీ గుమస్తా చదవకుండానే సంతకం గీకి పక్కకు జరిగాడు. పెద్దాయన చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. ఎ, మామూలు లేపనం. బి, కొత్తది.

"ఓరి నాయనో! మొత్తం తలకిందులుగా అచ్చేయించాడు," అని గొణిగి, నకలు ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "నెలాఖరుకి నా ఉద్యోగం అయిపోతుంది తల్లీ. నా పింఛను కాగితాలు ఆయన బల్ల మీదున్నాయి. కమిటీ అడిగితే తప్ప అసలు కాగితం ఆ బీరువాలోంచి బయటికి రాదు. ఇంక నీ ఇష్టం."

ఆమెకు నలభై ఏడో నంబరు రోగి గుర్తొచ్చాడు. బస్తాలు మోసే మనిషి. కట్టు కట్టినప్పుడల్లా, "పాపా, నాది మంచి ట్యూబేనా?" అని అడిగేవాడు. అతనిది బి. మోకాలి కింద కాలు తీసేశారు. అచ్చయిన వ్యాసంలో మూడో పేజీలో ఆ కాలి బొమ్మ ఉంది, కొత్త మందు అందకపోతే ఇలా అవుతుందని. ఆ పేజీని, పెద్దాయన ఇచ్చిన నకలును కలిపి మడిచి రాత్రే ఆమె సంచిలో పెట్టుకుంది.

"ఇదిగో, వచ్చేసింది!" ప్రొఫెసరు మెరిసే డబ్బా ఒకటి పట్టుకుని గదిలోకి వచ్చాడు. "కంపెనీ పేరుతో మొదటి ట్యూబు. ఇవాళ్టినుంచి అమ్మకిదే పుయ్యి. పదకొండింటికి కమిటీలో నేనే మాట్లాడుతున్నా. సోమవారం నుంచి ఆసుపత్రి మొత్తం ఇదే."

మామూలు ట్యూబు రెండు టీల ఖరీదు. దీనికి బస్తాలు మోసేవాడి మూడు రోజుల కూలి కావాలి.

"ఇంకోటి." ఆయన కాగితం, కలం ఆమె పక్కన పెట్టాడు. "కవరు వ్యాసం పంపకముందే నీ ఎదుట తెరిచామని రాశాను. చిన్న సంతకం. సాయంత్రానికల్లా నీ థీసిస్ మీద నా సంతకం. ఐదేళ్లు గంగలో కలుపుకోవుగా?" మళ్లీ తల్లివైపు తిరిగి, "మా మూగపిల్ల బంగారంలే అమ్మా," అని నవ్వి, కోటు వేసుకోవడానికి లోపలికి వెళ్లాడు.

ఒక్క మాట చాలు. మీరు పొరపడ్డారు సార్ అంటే చాలు, ఆయన జాగ్రత్తపడతాడు. కొలిచింది ఆ పిల్లేనని తప్పంతా ఆమె నెత్తిన రుద్ది, తాను చేతులు కడుక్కుంటాడు. ఆమె ఆ మాటను మింగేసింది. కమిటీలో ఆయన్ని లేచి నిలబడనీ. పదిమంది ముందు, తన నోటితో, తన పేరుతో చెప్పనీ. ఆ తర్వాత ఆమె మూడో పేజీ తెరుస్తుంది. ఆ ముఖం ఎలా మారుతుందో తలుచుకుంటే ఐదేళ్లలో మొదటిసారి కడుపు నిండినట్టుంది. అందుకు ఆమె సిగ్గుపడలేదు.

ఎ ట్యూబు అడుగున మిగిలినదంతా వేలితో పిండి, పుండుకు పట్టించి, కట్టు కట్టింది.

"మామ్మగారూ, ఆ కొత్త ట్యూబు ఎవరు పూస్తానన్నా పూయించుకోకండి."

"మావాడైనా?"

"మీవాడైనా."

 ముసలామె మెల్లగా కాలిని దుప్పటి కిందికి లాక్కుంది.

ఆమె చేతులు కడుక్కుంది. కలానికి మూత పెట్టి, సంతకం లేని కాగితం మీద అడ్డంగా ఉంచింది. దాని పక్కన సీలు విప్పని ట్యూబును నిలబెట్టింది.

"అయిందా అమ్మాయ్?" లోపల్నుంచి కేక. ఆయన కోటు ఒక చేతికి తొడుక్కుంటూ బయటికొచ్చాడు. కాగితం చూశాడు. "ఏమ్మా, నిన్నే! ఎక్కడికి? నీ థీసిస్ నా చేతిలో ఉందని మర్చిపోయావా?"

ఆమె గడప దగ్గర చెప్పులు తొడుక్కుంది, సంచి భుజానికి తగిలించుకుంది, రోజూ వేసినట్టే గేటు చప్పుడు కాకుండా వేసి, ఆసుపత్రి వైపు నడిచింది.