నెత్తిలైటు ఎవరి నెత్తిన

మా అమ్మాయి నన్నో పని అడిగింది. తను కొనిపెట్టిన లైటు ఎలా ఉందో చెప్తే, కొన్నచోట నలుగురూ చదివేలా రాస్తుందట. "రోజూ వాడేవాళ్ల మాటకి విలువుంటుందమ్మా. నాలుగు ముక్కలు చెప్పు చాలు," అంది. నాలుగు ముక్కలతో ఆపే రకాన్నా నేను? అడిగినందుకు అనుభవించు అని మొదలుపెట్టాను.

ముందుగా ఒక సంగతి. నాకు చెవుడు. పుట్టుకతో వచ్చింది కాదు, అమ్మాయి పుట్టాక మెల్లమెల్లగా వచ్చింది. ఇప్పుడు తలుపు దభాలున వేస్తే నేల అదిరి తెలుస్తుందే తప్ప చెవికి ఏమీ ఎక్కదు. మాటల్ని మనుషుల పెదాల మీంచి ఏరుకుంటాను. మొహం కనబడితే చాలు, సగం మాట మింగేసేవాళ్లు కూడా నాకు అర్థమవుతారు. కానీ జనానికి ఎంత మొత్తుకున్నా వినరు. వెనక్కి తిరిగి మాట్లాడతారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతారు, ఫ్రిజ్‌లో తల దూర్చి మాట్లాడతారు. మా అమ్మాయీ అంతే. "ఏంటీ?" అని ఇంకోసారి అడిగితే "ఏం లేదులే అమ్మా" అంటుంది. ఆ 'ఏం లేదులే' ఉందే, ఒంటికి కారం రాసినట్టుంటుంది నాకు.

మా ఆయన కరెంటు పని చేస్తాడు. అమ్మాయి బడికెళ్లడం మొదలైనప్పటినుంచీ ఆయన వెంట నేనూ వెళ్తున్నాను. ఆయన నిచ్చెన మీద, నేను మెయిన్ స్విచ్ దగ్గర. మెయిన్ తీసేస్తే ఇల్లంతా చీకటే కదా. మధ్యాహ్నం పూటైనా సరే, నేలమాళిగల్లోనూ మెట్లకింద గదుల్లోనూ ఎవరి చెయ్యి వాళ్లకి కనబడదు. ఆయన చేతులు రెండూ తీగల్లో ఉంటాయి కాబట్టి టార్చిని పళ్ల మధ్య కరిచిపట్టుకునేవాడు. తీగలు కలిపి, టేపు చుట్టి, చేతులు వెనక్కి తీసుకున్నాక నోట్లోంచి టార్చి తీసి, గడ్డం కింద పెట్టి, తన మొహం మీదికే వేసుకునేవాడు. అప్పుడు చెప్పేవాడు: "మెయిన్ వెయ్యి."

ఇలా చెయ్యమని ఆయనకి నేను చెప్పలేదు. నాకు వినపడటం తగ్గిన కొత్తల్లో ఓరోజు ఆయనకే తోచింది. మెయిన్ ఒక్కటే కాదు, వెలుగు ఎలాగూ వేసుకున్నాను కదా అని ఇంకో ముక్క కూడా చేర్చేవాడు. "మెయిన్ వెయ్యి. ఈ ఇంటాయన పిసినారిలా ఉన్నాడు, కనీసం మంచినీళ్లన్నా అడగలేదు." లేదా, "మెయిన్ వెయ్యి. ఆ చీర నీకు బాగుందే." కిందినుంచి వెలుగు పడి మనిషి చూడ్డానికి భయంకరంగా ఉండేవాడు, పసిపిల్లలు చూస్తే జడుసుకునేవాళ్లే. నాకు మాత్రం ఆ మొహం చూస్తే ప్రాణం లేచొచ్చేది. నాతో మాట్లాడటానికి ముందు తన మొహం నాకు కనబడుతోందా లేదా అని ఆలోచించే మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. నేను పనికి వెళ్లేది సగం అందుకే.

టార్చి కరిచి కరిచి ఆయన ముందుపన్ను ఒకటి విరిగింది. పళ్ల డాక్టరు చెడామడా తిట్టి పంపాడు. అది విని అమ్మాయి ఈ లైటు తెప్పించింది. తలకి పట్టీలా కట్టుకోవాలి, నుదుటి మీద దీపం, చార్జింగ్ పెట్టుకోవచ్చు. దానికి ఇంగ్లీషు పేరేదో ఉంది గానీ మా ఇంట్లో 'నెత్తిలైటు' అని స్థిరపడిపోయింది.

సరే, దాని గుణగణాలు. బరువు తక్కువ, మెడ నొప్పి రాదు. పట్టీ బిగిస్తే నుదుటి మీద గీత పడుతుంది, వదులు చేస్తే ముక్కు మీదికి జారుతుంది. మధ్యస్తంగా కట్టుకోవడం రావడానికి మా ఆయనకి ఓపిక కావాల్సి వచ్చింది, అది ఆయన దగ్గర లేదు. చెమట పట్టి పట్టీ వాసనేస్తుంది, ఊడదీసి ఉతుక్కోవచ్చు. వెలుగు మూడు రకాలు. పెద్ద వెలుగులో తొందరగా వేడెక్కుతుంది, చిన్న వెలుగులో పొద్దున మొదలుపెడితే పని ముగిసేదాకా వస్తుంది. చార్జింగ్ పెట్టే కన్నానికి రబ్బరు మూత ఉంది, గోళ్లు లేనివాళ్లు దాన్ని తియ్యలేరు.

ఇంకో వింత కూడా పెట్టారు. దాని ముందు చెయ్యి ఊపితే వెలుగుతుంది, మళ్లీ ఊపితే ఆరిపోతుంది. కనిపెట్టినవాడు ఎంత మురిసిపోయాడో ఏమో! మా ఆయన ముక్కు గోక్కున్నా ఆరిపోయేది, దోమని తోలినా ఆరిపోయేది. ఆ సదుపాయాన్ని ఆపేసే మీట ఎక్కడుందో కనుక్కునేదాకా ఇంట్లో ఒకటే తిట్లు.

ఇంట్లో వాడకానికి ఢోకా లేదు. మంచం కింద చెప్పు వెతకడానికి, సూదిలో దారం ఎక్కించడానికి భేషుగ్గా ఉంది. ఒకటే చిక్కు. అది కట్టుకున్న మనిషి మనవైపు చూశాడంటే మన కళ్లు బైర్లు కమ్ముతాయి. వెనక మొహం ఉందో లేదో కూడా తెలీదు. మొదటిరోజే ఆయన అది కట్టుకుని నావైపు తిరిగాడు. "మీ నోరు కనబడటం లేదండీ," అన్నాను. ఆయన లైటు తీసి, మొహం వెలిగిపోతుండగా చెప్పాడు: "ఇంక నోటితో పనేంటే? చేతులు వెనక్కి తీసుకున్నాక తల ఊపుతా. వెలుగు కిందికి దిగి పైకి లేస్తే మెయిన్ వేసెయ్. చూశావా, ఎంత సుఖమో!"

సుఖంగానే సాగింది. వెలుగు కిందికీ పైకీ ఊగేది, నేను మెయిన్ వేసేదాన్ని. పని తొందరగా తెమిలేది. ఆయన పన్నుకి విశ్రాంతి దొరికింది. నాకు మాత్రం అక్కడ నిలబడటం రోజురోజుకీ బరువైపోయింది. మెయిన్ వెయ్యడానికి మాటే అక్కర్లేనప్పుడు, ఇంటాయన పిసినారితనం గురించి ఎవరు చెప్తారు? దీపం ఊగుతుంది, స్విచ్ వేస్తాను. ఆ పనికి నేనే ఎందుకు, ఎవరైనా చాలు. ఈ మాట ఆయనతో అందామనుకుంటూనే ఊరుకున్నాను. కొత్త వస్తువుతో అంత సంబరపడుతున్న మనిషి ఉత్సాహం మీద నీళ్లు చల్లడమెందుకని.

అలా ఉండగా ఓ బట్టలు కుట్టే షాపులో పని వచ్చింది. వెనకగదికి కిటికీ లేదు. బట్టల బేళ్ల మధ్య నిచ్చెన వేసుకుని ఆయన పైకెక్కాడు. నేను తలుపు పక్కన మెయిన్ దగ్గర ఉన్నాను. నాకు కనబడేది పైన ఉన్న వెలుగొక్కటే. అది చాలాసేపు కదలకుండా ఉంది. తర్వాత కిందికి దిగింది, పైకి లేచింది. నేను మెయిన్ వేశాను.

ఆయన తల ఊపలేదు. చేతిలో స్క్రూ జారి పడితే, ఎక్కడ పడిందా అని కిందికి చూసి, మళ్లీ పైకి చూశాడు. అంతే. రెండో చెయ్యి ఇంకా తీగ మీదే ఉంది.

వెలుగు గిర్రున తిరిగి కింద పడింది. ఆయన పడటం నా అరికాళ్లకి తెలిసింది. మెయిన్ ఎప్పుడు తీశానో నాకు గుర్తులేదు గానీ తీశాను. లైటు ఎక్కడో బేళ్ల సందులోకి దొర్లి గోడని వెలిగిస్తోంది. ఆ కాస్త వెలుతురులో ఆయన నేల మీద కూర్చున్న ఆకారం తెలుస్తోంది, దవడ ఆడుతున్నట్టుంది. ఏదో అంటున్నాడు. ఏమంటున్నాడో కనబడదు! దేవుడా, ఆ క్షణం పగవాడికి కూడా వద్దు. ఊపిరి ఆడటం లేదంటున్నాడో, అమ్మాయిని పిలవమంటున్నాడో నాకేం తెలుసు? బేళ్ల మీద పడుతూ లేస్తూ వెళ్లి లైటు పట్టుకుని ఆయన మొహం మీద వేశాను. "నాకేం కాలేదు, నాకేం కాలేదు," అదే మాట, ఆగకుండా.

నిజంగానే పెద్దగా ఏం కాలేదు. అరచెయ్యి కమిలింది, నడుము పట్టేసింది. ఈలోగా షాపావిడ తలుపు తెరుచుకుని వచ్చింది. ఆవిడ నోరు ఆడుతోందని తెలిసి లైటు ఆవిడ మీద వేశాను. వెయ్యకపోయినా బాగుండేది. "వినపడని మనిషిని మెయిన్ దగ్గర పెడతారా ఎవరైనా? మీ అదృష్టం బాగుండి బతికారు," అంటోంది. మా ఆయన లేచి నిలబడి ఆవిడకి జవాబు చెప్పాడు. నాకు వీపు పెట్టి చెప్పాడు. ఏం చెప్పాడో నాకు తెలీలేదు. ఆవిడ తల పంకించి ముందు షాపులోకి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక టెస్టరూ కట్టింగ్ ప్లేయరూ బల్ల మీద పెట్టేసి, రేపట్నుంచి నేను రానన్నాను. అని మొహం తిప్పేసుకున్నాను. చెవిటిదానికి అదో సౌకర్యం, అవతలివాళ్ల మొహం చూడకపోతే చాలు, పోట్లాట అక్కడికి అయిపోయినట్టే. ఆవిడ మాటకి ఆయన ఒప్పుకునే ఉంటాడని నా మనసులో పడిపోయింది. ఒప్పుకోకపోతే నా వైపు తిరిగే చెప్పేవాడుగా! ఏడుపొచ్చింది, పక్కగదిలోకి వెళ్లి ఏడ్చాను కూడా.

తర్వాత్తర్వాత ఆయన మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ ఇంటికి తెచ్చుకుని బల్ల దగ్గర బాగుచేసుకోవడం మొదలుపెట్టాడు. భయం పట్టుకుందేమో, కోలుకుంటాడులే అనుకున్నాను. నెత్తిలైటు అలమారలో పడేశాడు. ఓ సాయంత్రం ఊరికే కూర్చోలేక నేనూ ఓ మిక్సీ అడుగు విప్పాను. లోపల ఏమీ కనబడక, ఆ దిక్కుమాలిన లైటే తీసి తలకి కట్టుకున్నాను. దాన్ని నేను కట్టుకోవడం అదే మొదటిసారి.

ఆయన బల్ల మీద వేళ్ల కణుపులతో కొట్టాడు. నన్ను పిలవాలంటే అలాగే పిలుస్తాడు. నేను తలెత్తలేదు. మళ్లీ కొట్టాడు. మూడోసారి బల్ల మీది స్క్రూలన్నీ ఎగిరాయి. ఒళ్లు మండి, ఏంటన్నట్టు తలెత్తి చూశాను. నా వెలుగంతా పోయి ఆయన మొహాన పడింది. కళ్లు చిట్లించుకుని, చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, నోరు కప్పేస్తానని కాబోలు దించేశాడు.

"ఆవిడకి ఏం చెప్పానో అడగవేం?"

"వీపుతో చెప్పారుగా. వీపులు చదవడం నాకు రాదు."

"తప్పు నాదని చెప్పా. మొహం చూపించకుండా తల ఊపింది నేనని చెప్పా. మెయిన్ దగ్గర నువ్వు కాక ఇంకెవరున్నా నేను నిచ్చెన ఎక్కనని చెప్పా. అందుకే ఈ మిక్సీలు. నిచ్చెన పనులన్నీ వెనక్కి పంపేస్తున్నా."

ఆ మాటలన్నీ ఒక్క అక్షరం పొల్లుపోకుండా కనబడ్డాయి నాకు.

"మరి ఈ ముక్క ఇన్నాళ్లూ చెప్పడానికి ఏం రోగం?" అన్నాను. 

"నువ్వు నా మొహం చూస్తేగా! కళ్లు పోతున్నాయే తల్లీ, ఆ వెలుగు కాస్త కిందికి దించు... ఉండుండు. దించకు. నేనన్నదంతా కనబడిందా?"

"విరిగిన పన్నుతో సహా."

ఇద్దరం ఒకేసారి నా నెత్తి మీది లైటు వైపు కళ్లెత్తాం. నా నెత్తి నాకు కనబడదనుకోండి, అయినా ఎత్తాను.

మర్నాడే, సగంలో వదిలేసిన పని కోసం ఆ బట్టల షాపుకి వెళ్లాం. షాపావిడ నన్నూ, నా నెత్తినీ చూసి ఏదో అనబోయి మానుకుంది. ఆయన ఖాళీ నెత్తితో, ఖాళీ నోటితో నిచ్చెన ఎక్కాడు. నేను మెయిన్ పక్కన నిలబడి ఆయన చేతుల వైపు చూశాను. నేను చూసిన చోటే ఆయనకి వెలుగు. నేను మెయిన్ వైపు తల తిప్పానంటే ఆయన చేతుల మీద చీకటి పడుతుంది, టక్కున తీగలు వదిలేస్తాడు. ఇక పొరపాటు జరగమన్నా జరగదు. అన్నీ అయ్యాక నేను ఆయన మొహంలోకి చూడాలి, ఆయన నోటితో చెప్పాలి. అలా అనుకునే వచ్చాం.

కాబట్టి అమ్మాయీ, ఇలా రాయి. వస్తువు మంచిది. పట్టీ చెమట వాసనేస్తుంది, మూత తియ్యడం కష్టం, చెయ్యి ఊపే వింత అనవసరం. కొనుక్కోవచ్చు. ఎవరి నెత్తిన పెట్టాలన్నది మాత్రం ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

మిగతాది రాయొద్దు, నీకు మాత్రమే చెప్తున్నా. నేను వెంట వెళ్లడం మొదలైనప్పటినుంచీ మీ నాన్న పని చేసినంతసేపూ నోట్లో టార్చి ఉండేది. ఇప్పుడు లేదు. షాపుకి మళ్లీ వెళ్లిన ఆ రోజు తీగలు కలుపుతున్న చేతుల మీంచి నా చూపు అనుకోకుండా కాస్త కిందికి జారింది. చూస్తే ఆయన నోరు ఆడుతూనే ఉంది. ఈ వైరింగ్ చేసినవాణ్ణి తిడుతున్నాడు, కింద బేళ్లలో ఆకుపచ్చ గుడ్డ నాకు బాగుంటుందంటున్నాడు, నడుము ఇంకా లాగుతోందంటున్నాడు. ఎప్పటినుంచి మాట్లాడుతున్నాడో తెలీదు. చేతులు చీకట్లో పడేసరికి ఆగి, నా వైపు తిరిగి కళ్లు చిట్లించాడు.

"చేతుల మీద వెయ్యవే వెలుగు! నా మొహంలో ఏముంది?"

"మీరు మాట్లాడండి," అన్నాను. "పని తర్వాత చూద్దాం."