మూడు సమాన వాటాలు

ఆ ఆదివారం పొద్దున పదకొండు గంటలదాకా మా ఇంట్లో నా అంత తెలివైనవాళ్ళు ఇంకొకరు లేరని నా గట్టి నమ్మకం. పదకొండూ పదికి ఆ నమ్మకం క్లాసులో నలభైమంది ముందు కుప్పకూలింది.

మాది బ్యాగుల షాపు. ముందు అమ్మకం, వెనక కుట్టుపని. స్కూలు బ్యాగులు నావి, పెద్ద సూట్‌కేసులు అక్కవి. మెట్ల కింద, తల వంచుకుని దూరాల్సిన మూలలో, బాబాయి రిపేర్లు చేసేవాడు. తెగిన జిప్పులు, ఊడిన చక్రాలు, విరిగిన హ్యాండిళ్ళు. నాన్న పోయాక లెక్కల పుస్తకాలు నా చేతికొచ్చాయి. నాన్న పెట్టిన పద్ధతి ఒకటే. ఏదైనా మూడు సమాన వాటాలు. ఇంట్లో పండు కోసినా అంతే, షాపు అద్దె కట్టినా అంతే. గొడవలు రాకూడదని ఆయన ఆలోచన. అద్దె, కరెంటు, వాచ్‌మన్ జీతం కలిపి నెలకు అరవై వేలు. తలా ఇరవై.

రెండేళ్ళ కిందట ఆ లెక్కతోనే బాబాయిని పంపేశాను. ఆయన జీతం, జిప్పులు, దారాలు పోగా రిపేర్ల మీద నెలకు పన్నెండు వేలు మిగిలేవి. దాని మీద ఇరవై వేల వాటా వేస్తే ఎనిమిది వేలు నష్టం. ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, కాగితం ఆయన ముందు పెట్టాను. బాబాయి చేతిలో పట్టకారు కింద పెట్టకుండానే చూశాడు.

"నేను వెళ్ళిపోతే నా ఇరవై వేలు ఎవరు కడతారే?" అన్నాడు.

"అదే కదా బాబాయ్, ఇక ఆ భారమే ఉండదు" అన్నాను.

పెద్దాయన బాధలో ఏదో అంటున్నాడనుకున్నాను. పైగా వాళ్ళతో వీళ్ళతో చెప్పి నవ్వాను కూడా. మర్నాడు ఆయన తన రేకు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. బస్టాపు ఎదురుగా చిన్న రిపేర్ల బంకు పెట్టుకున్నాడని విన్నాను. ఒక్కసారి కూడా అటువైపు వెళ్ళలేదు.

అప్పటినించీ అక్క సెక్షన్ కూడా నష్టం చూపించడం మొదలుపెట్టింది. నెలకు మూడు వేలు. బజారే బాగాలేదనుకుని రెండేళ్ళు చూసి, ఇక అదీ మూసేద్దామన్నాను. అక్క వాదించలేదు. "నా కుట్టుమిషను కొనేవాళ్ళని నేనే చూసుకుంటా, ఆదివారం పన్నెండింటికి వస్తారు" అంది. ఎవరని నేను అడగలేదు. నా పని నాకు ఎక్కువైపోయింది మరి! మూడు నెలలుగా ఆదివారాలు మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ చదువుతున్నాను. వ్యాపారం ఎలా నడపాలి, ఏ నిర్ణయం ఎలా తీసుకోవాలి అన్న చదువు. నాకు తెలిసిన విషయానికి ఒక సర్టిఫికెట్ ఉంటే గోడకి తగిలించుకోవచ్చని చేరాను.

మా మేడమ్ పాతికేళ్ళు ఫ్యాక్టరీల్లో ఖర్చుల లెక్కలు చూసిన మనిషి. ఆ రోజు రాగానే, "మీ సొంత వ్యాపారంలో మీరు తీసుకున్న నిర్ణయం ఏదైనా ఒకటి బోర్డు మీద పెట్టండి" అంది. ఎవరూ కదలకముందే నేను లేచాను. క్లాసులో నన్ను బ్యాగులావిడ అంటారు. బ్యాగులావిడ వెళ్ళి, బాబాయి లెక్కంతా చక్కగా రాసి, చివర ఎనిమిది వేల చుట్టూ సున్నా చుట్టి వచ్చింది.

మేడమ్ కాసేపు చూసింది.

"ఒక్క సందేహం. మీ బాబాయిగారు వెళ్ళిన నెలలో ఓనరు అద్దె ఎంత తగ్గించాడు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "అద్దె ఎందుకు తగ్గుతుంది మేడమ్? బిల్డింగు అదే కదా."

"వాచ్‌మన్ జీతం తగ్గించుకున్నాడా?"

"లేదండీ."

"మరి బాబాయిగారి వాటా ఇరవై వేలు ఎక్కడికి పోయాయి?"

బాబాయి మాట గుర్తొచ్చింది. నేను వెళ్ళిపోతే నా ఇరవై వేలు ఎవరు కడతారే? పట్టకారు పట్టుకున్న ఆ చెయ్యి, ఆ గొంతు, అంతా ఒక్కసారి కళ్ళముందుకొచ్చింది. పాతికేళ్ళు లెక్కలు చూసినావిడ అడిగిన ప్రశ్నే, బడి మధ్యలో మానేసిన మా బాబాయి రెండేళ్ళ కిందటే అడిగాడు. నేను నవ్వాను.

మేడమ్ బోర్డు మధ్యలో నిలువుగా ఒక గీత గీసింది. "ఎడమవైపు, సెక్షన్‌తో పాటు పోయే ఖర్చులు. జీతం, జిప్పులు, దారం. కుడివైపు, ఎవరు పోయినా ఉండే ఖర్చులు. ఏది మూయాలో తేల్చుకునేటప్పుడు కుడివైపు ఖర్చుని ఎవరి నెత్తిన వేశారన్నది చూడొద్దు. వాళ్ళు వెళ్తే అది పోతుందా, పోదా? అంతే. మీ బాబాయిగారు నెలకు పన్నెండు వేలు తెచ్చిపెట్టేవారు. ఆయన వెళ్ళాక ఏం జరిగింది?"

మార్కర్ నా చేతికిచ్చింది. అరవై వేలు, ఇద్దరికి, తలా ముప్పై. అక్కకి అన్నీ పోగా మిగిలేది ఇరవై ఏడు. నష్టం మూడు వేలు.

"ఆవిడకి ఆ నష్టం ఎక్కడినుంచి వచ్చింది?"

"బాబాయి వాటా... అక్క మీద పడింది."

"ఆవిడ కూడా వెళ్ళిపోతే?"

నా స్కూలు బ్యాగుల మీద మిగిలేది నలభై ఐదు. అరవై తీసేశాను. మైనస్ పదిహేను వేలు. ముగ్గురం ఉన్నప్పుడు షాపుకి నెలకు ఇరవై నాలుగు వేలు మిగిలేవి. బాబాయిని పంపి దాన్ని సగం చేశాను. అక్కని పంపి ఏకంగా షాపునే ముంచబోతున్నాను. బజారు బాగాలేక కాదు, నా వల్ల.

"ఆవిణ్ణి ఇంకా పంపలేదు కదా?" అంది మేడమ్.

గోడ గడియారం వైపు చూశాను. పన్నెండుకి ఇరవై నిమిషాలు తక్కువ. బోర్డు మీది లెక్క ఒక కాగితం మీద గెలికి, చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే పరిగెత్తాను.

షాపు ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. అక్క మిషను అప్పటికే ఎక్కించారు. దాని చుట్టూ తాడు బిగిస్తున్న మనిషి వీపు చూసి ఆగిపోయాను. బాబాయి.

"కొనేది ఈయనా?" అన్నాను.

"నువ్వు అడగలేదుగా" అంది అక్క. బాబిన్లన్నీ ఒక డబ్బాలో వేసుకుంటోంది. "మిషనుతోపాటు నేనూ వెళ్తున్నా. ఆయన దగ్గర పని చాలట్లేదట."

కాగితం చాచాను. తడబడుతూ ఏదేదో చెప్పాను. అక్క నిదానంగా చదివింది.

"అంటే నా సూట్‌కేసుల్లో నష్టం ఎప్పుడూ లేదన్నమాట."

"లేదక్కా."

"నేను వెళ్తే నీకు నెలకు పదిహేను వేలు బొక్క. అందుకని పరిగెత్తుకొచ్చావ్."

అది నిజం. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

బాబాయి తాడు వదిలేసి లోపలికి నడిచాడు. మెట్ల కింద తన మూల దగ్గర ఆగాడు. ఖాళీ అట్టపెట్టెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి.

"రెండేళ్ళలో ఈ చోటు ఏం సంపాదించింది?" అన్నాడు.

"ఏమీ లేదు బాబాయ్."

అక్క ముందే చెప్పినట్టుంది, ఆయన రెండు పెట్టెలు పక్కకి లాగాడు. వెనక గోడ నిండా పెన్సిల్ గీతలు. ఐదేసి గీతలు ఒక కట్ట, కట్ట పక్కన కట్ట, నేలదాకా. నాకు అర్థం కాక అక్క వైపు చూశాను.

"రిపేరు కోసం వచ్చి, నువ్వు 'ఇక్కడ చేయం' అంటే తిరిగి వెళ్ళినవాళ్ళు" అంది అక్క. "మొదటి ఆర్నెల్లు గీశాను. గోడ చాలక మానేశాను."

ఎన్ని కట్టలో లెక్కపెట్టడానికి కూడా ధైర్యం చాల్లేదు. లెక్కల మనిషిని నేను! నాకు కనపడని లెక్క నా వీపు వెనకే ఉంది.

"బాబాయ్, వచ్చెయ్" అన్నాను. "నీ మూల ఇవాళే ఖాళీ చేయిస్తాను."

"మీ నాన్నా నేనూ ఈ షాపు తెరిచిన రోజునించీ ఇక్కడే కూర్చున్నానే" అన్నాడు బాబాయి. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది. "ఒక కాగితం చూపించి లేపావు. ఇప్పుడు ఇంకో కాగితం చూపించి కూర్చోమంటావు. రేపు మూడో కాగితం వస్తే? నేను రాను."

అక్క వైపు తిరిగి, "నువ్వు ఉండు. నీ పనిలో నష్టం లేదని తేలిందిగా" అన్నాడు.

అక్క డబ్బా మూత పెట్టి, "మిషను దించండి. పుస్తకాలు మాత్రం రేపటినించి నా దగ్గరుంటాయి" అంది. నేను పుస్తకాల బీరువా తాళంచెవులు తీసి బల్ల మీద పెట్టాను. బాబాయి ఖాళీ ట్రాలీలో వెళ్ళిపోయాడు.

పది నిమిషాలు కాలేదు, ఒకావిడ స్కూలు బ్యాగు పట్టుకుని లోపలికి వచ్చింది. జిప్పు ఊడిపోయింది. 'ఇక్కడ చేయం' అన్న మాట అలవాటుగా నాలిక చివరిదాకా వచ్చింది. గోడ మీది గీతలు చూసి మింగేశాను.

"మా బాబాయి చేస్తాడండీ. రండి, నేను చూపిస్తాను."

బంకు దగ్గర బాబాయి బ్యాగు అందుకుని, కుట్టు తిరగేసి చూశాడు. "నువ్వు కుట్టిందే" అన్నాడు. రెండు నిమిషాల్లో జిప్పుకి కొత్త రన్నర్ ఎక్కించి, పైకీ కిందకీ నాలుగుసార్లు లాగి చూశాడు. నేను పర్సు తెరిచాను.

"నువ్వు ఉండు, ఆవిడ ఇస్తుంది" అన్నాడు. "ఇందులో నీ వాటా ఏమీ లేదు."

పర్సు మూసేశాను. ఆవిడ డబ్బులిచ్చి, బ్యాగు తీసుకుని వెళ్ళేదాకా ఆ బంకు పక్కనే నిలబడ్డాను.