రెండు మెట్ల బాత్‌రూమ్

మోకాలి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మా అత్తగారు వీరరాఘవమ్మ కోరింది ఒక్కటే. "ఒకరి చెయ్యి పట్టుకోకుండా దొడ్డికి పోతే చాలే వాసంతీ. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంది?"

నరసరావుపేటలో మాది పాత ఇల్లు. దొడ్డి పెరట్లో. ఎగుడుదిగుడు నాపరాళ్ళ మీద ఆవిడ నా చెయ్యి పట్టుకుని నడిచేది, ముఖం పక్కకు తిప్పుకుని.

అందుకే ఆవిడ గదిలోనే ఒక మూల బాత్‌రూమ్ కట్టిద్దామన్నాను. మురుగు కాలువ ఆ గోడ అవతలే. మేస్త్రీ జాషువా సుద్దతో గీత కూడా గీశాడు. ఇక మొదలుపెట్టడమే అనుకుంటుంటే, మా ఆయన రామబ్రహ్మం ఎరువుల కొట్టు నుంచి వస్తూ వస్తూ వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చారు.

"ఈశాన్యంలో మరుగుదొడ్డా!" అన్నాడు సిద్ధాంతి, తన నెత్తినే కడుతున్నట్టు. చూపించింది వాయవ్యం. కాలువకు దూరంగా, గదికి ఆ చివర.

జాషువా తల గోక్కున్నాడు. "అంత దూరం పైపు పోవాలంటే నీళ్ళు పారే వాటం కావాలి సార్. కింద బండ, తవ్వలేం. నేల రెండు మెట్లు ఎత్తాలి. మెట్లకు బదులు వాలు కడదామంటే గది చాలదు."

"ఏమండీ, ఎవరి కోసం కడుతున్నాం మనం? అత్తయ్య మెట్లెక్కగలదా?"

"నీకేం తెలుసు, ఊరుకో! ఈశాన్యం చెడితే ఇల్లు నిలబడిద్దా?"

ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వాయవ్యంలోనే పని మొదలైంది. నెలంతా అన్నంలో దుమ్ము, నీళ్ళలో దుమ్ము, నా ఒంట్లో మంట. ఆ నెలంతా అత్తయ్య మాత్రం పెరట్లోకి వెళ్ళిన ప్రతిసారీ "ఇంకెన్నాళ్ళులే" అనేది. ఆ మాట వింటే నాకు ఏడుపొచ్చేది.

దొడ్డి వాడకానికి కూడా ముహూర్తం పెట్టించారు ఈ మహానుభావుడు. చుట్టాలొచ్చి టైల్స్ తడిమి, "చానా బాగుంది రామబ్రహ్మం" అన్నారు. ఈయన ఛాతీ విరుచుకుని నిలబడ్డారు.

అత్తయ్య కొత్త చీర కట్టుకుని, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. మొదటి మెట్టు దగ్గర ఆగింది. కాలెత్తబోయింది. మోకాలు లేవలేదు. పళ్ళ బిగువున మళ్ళీ ప్రయత్నించింది.

"నేను పట్టుకుంటాలే అమ్మా, ఎక్కు."

"రోజూ కొట్టు మూసుకొని వస్తావంట్రా?"

నేనూరుకోలేకపోయాను. "ఆ సిద్ధాంతిగారికి ఫోన్ చెయ్యండి. పొద్దునా సాయంత్రం వచ్చి ఎక్కించిపోతాడు!" చుట్టాలు తలలు దించుకున్నారు. నేనేం దించుకోలేదు.

అత్తయ్య మాత్రం నన్నూ తిట్టలేదు, కొడుకునూ తిట్టలేదు. మెట్టు వైపు ఇంకోసారి చూసి వెనక్కి తిరిగింది.

"పదవే," అని ముఖం పక్కకు తిప్పుకుని, నాకు చెయ్యి అందించింది.