గాలి చొరకుండా

మా మామయ్యకి ఉన్నవి రెండే ప్రాణాలు. ఒకటి బుల్లెమ్మ, రెండోది పాత జీపు. కోడలిగా నాది మూడో స్థానమా, నాలుగోదా అని నేనెప్పుడూ అడగలేదు. తెలిసిన జవాబు కోసం మాట ఖర్చు చేయడం దేనికి.

బుల్లెమ్మ మా ఆవు. ఆ రోజు పొద్దున్నుంచీ నొప్పులు పడుతోంది. దూడ కాలు ఒకటే బయటికి కనిపిస్తోంది, రెండోది లోపలే మడతపడిపోయింది. పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "నేనొచ్చినా లాభం లేదు, సామానంతా ఇక్కడే ఉంది. ఎలాగైనా కొండ దాటించి ఆసుపత్రికి తెచ్చేయండి. ఆలస్యమైతే దూడ పోతుంది, ఇంకా ఆలస్యమైతే ఆవూ దక్కదు," అంది.

జీపుకి కప్పూ తలుపులూ ఉన్న ట్రైలర్ తగిలించి, నానా తంటాలూ పడి ఆవుని ఎక్కించాం. దాని తల పట్టుకుని మా ఆయన వెనకాల కూర్చున్నారు. స్టీరింగు నా పాలబడింది. మోకాళ్ళ నొప్పులతో జీపెక్కలేని మామయ్య గేటు పట్టుకుని నిలబడ్డారు.

"బండి గురించి బెంగపెట్టుకోకు అమ్మాయీ. నిన్న కూర్చుని అన్నీ చూశాను. ఈసారి చచ్చినా ఆగదు," అన్నారు.

కొండ మొదలయ్యేదాకా ఆగలేదు కూడా. మొదటి మలుపు ఎక్కుతుండగా జీపు ఉన్నట్టుండి నీరుగారిపోయింది. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా ఉలుకూ పలుకూ లేదు. గేరు తగ్గించాను, మళ్ళీ తగ్గించాను. కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్తున్న ఒకావిడ మమ్మల్ని దాటిపోతూ జాలిగా చూసింది. ఆ తర్వాత ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

మా ఆయన దూకి వచ్చి బానెట్ ఎత్తారు. "గాలి పట్టింది," అన్నారు.

కిందటి నెలలో ఇలాగే ఆగిపోతే, డీజిల్ పైపులోకి గాలి చొరబడిందని మెకానిక్ చెప్పాడు. డీజిల్ బండికి గాలిని మించిన శత్రువు లేదని కూడా అన్నాడు. అప్పట్నుంచి మా ఇంట్లో గాలి అనేది ఒక బూతుమాట అయిపోయింది. ఫ్యాను వేసినా మామయ్య కిటికీలోంచి జీపు వంక అనుమానంగా చూసేవారు.

ఆ గాలి బయటికి పోవడానికి మా ఆయన ఫిల్టరు మీద బోల్టు వదులు చేసి, పక్కనున్న చేతి పంపు నొక్కారు. నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది, పైకి లేవలేదు. బుడగలు రాలేదు, డీజిలూ రాలేదు. కాసేపు తిట్టుకుంటూ కూర్చుని మళ్ళీ స్టార్ట్ చేస్తే, ఏమీ జరగనట్టు అందుకుంది. రెండు మలుపులు ఎక్కి మళ్ళీ అదే కథ. మళ్ళీ బానెట్, మళ్ళీ బోల్టు, మళ్ళీ తిట్లు. మూడోసారి ఆగినప్పుడు నేను దిగి టైరుని కాలితో తన్నాను. నొప్పి నాకే.

అప్పటిదాకా అరుస్తున్న బుల్లెమ్మ అరవడం మానేసింది. అరిచినప్పుడు వేసిన భయం ఒకెత్తు, ఈ నిశ్శబ్దం ఒకెత్తు. పైకి చూస్తే కొండ ఇంకా అంతే ఉంది. నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చేశాను.

"ఏడుపు తర్వాత," ట్రైలర్లోంచి మా ఆయన కేకేశారు. "ముందా పై తలుపు తెరువు. దీనికి గాలి ఆడటం లేదు."

తలుపు తెరిచాను. నా చెయ్యి గడియ మీదే ఉండిపోయింది. ఇందాకట్నుంచీ జీపులోంచి గాలి తీసేద్దామనే చూస్తున్నాం.

"ఏవండీ, ట్యాంకులో డీజిల్ ఖర్చవుతుంటే ఆ ఖాళీలోకి ఏమొస్తుంది?"

"పాఠాలు చెప్పుకునే టైమా ఇది?"

"చెప్పండి."

"ఏమొస్తుంది, గాలి..." అని ఆగిపోయారు.

ఇద్దరం ట్యాంకు దగ్గరికి పరిగెత్తాం. మూత చుట్టూ సైకిల్ ట్యూబు ముక్కలు, ఒకదాని మీద ఒకటి, పసిపిల్ల గాయానికి కట్టు కట్టినంత శ్రద్ధగా. మూత మధ్యలో గాలి ఆడటానికి చీమ దూరేంత కన్నం ఉంటుంది, అది మూసుకుపోతే ట్యాంకులోంచి డీజిల్ కదలదు. దాన్ని కొవ్వొత్తి మైనంతో పూడ్చేశారు. తాళ్ళు కోసే కత్తితో ట్యూబు తెగ్గోసి మూత తిప్పాను. ట్యాంకు ఉస్సురంటూ గాలి పీల్చుకుంది.

ఈసారి పంపు నొక్కితే లేచింది. మూత తీసేసి గుడ్డ వదులుగా కప్పి బయల్దేరాం. జీపు ఎక్కడా తడబడకుండా కొండెక్కింది. దారి పొడుగునా మామయ్యని అనవలసిన మాటలు కూడబెట్టుకుంటూ వచ్చాను. వయసుకి గౌరవమిచ్చే మాట అందులో ఒక్కటీ లేదు.

డాక్టరమ్మ మోచేతి దాకా చెయ్యి పెట్టి, మడతపడిన కాలు సరిచేసి దూడని లాగింది. ఆడదూడ, నుదుటి మీద తెల్ల మచ్చ. ముక్కు తుడిచింది, ఛాతీ రుద్దింది, తలకిందులుగా వేలాడదీసి చూసింది. చివరికి చేతులు కడుక్కుంది.

"లోపల ఊపిరాడక పోయింది. పోయి ఎంతోసేపు కాలేదు," అంది. "తల్లికేం భయం లేదు."

బుల్లెమ్మ మెడ చాచి దూడని నాకుతోంది. ఎవరం అడ్డుపడలేదు.

ఫోన్ మోగింది. మామయ్య.

"బుల్లెమ్మ?"

"బానే ఉంది."

"దూడ?"

చెప్పాను. అవతల ఏడుపు వినపడింది. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"దారిలో బండేమైనా ఇబ్బంది పెట్టిందా అమ్మాయీ?"

కూడబెట్టుకున్న మాటలన్నీ నాలుక చివర ఉన్నాయి. మా ఆయన నా మొహంలోకే చూస్తున్నారు.

"లేదు మామయ్యా," అన్నాను. "ఎక్కడా ఆగలేదు."

"ఆగదు," అన్నారాయన ఏడుస్తూనే. "మూత నేనే బిగించాను. గాలి చొరకుండా."