అడగని ప్రశ్నలకు జవాబులు

విచారణ గది బయట వరండాలో సామ్‌గూ నా దారికి అడ్డంగా కూర్చుంది. పట్టు చొక్కా, జుట్టుకు నూనె, చేతిలో పుచ్చగింజల పొట్లం. హాంకాంగ్‌లో లైసెన్సు ఉన్న పెద్ద సాని ఇళ్లలో ఒకటి ఆవిడదే.

"ఏం కౌ మాస్టారూ, మొహం అలా పాలిపోయింది? పొద్దున తాగిన గంజి అరగలేదా?"

"బాగానే ఉన్నానమ్మా."

"ఏం బాగు! ఇల్లాలు పోయాక వండిపెట్టే దిక్కెవరు మీకు? మా వంటమనిషిని పంపనా?" పొట్టు ఊసి, గొంతు తగ్గించింది. "మీ మేడ మెట్లు మరీ నిటారటగా. ఎవరో అన్నారు. చూసుకుని దిగుతూ ఉండండి, నాయనా."

మా మెట్ల సంగతి ఆవిడకెలా తెలిసిందో అడిగే ధైర్యం లేకపోయింది. ఆవిడ పక్కన సౌ-హో నిలబడి ఉంది. పదిహేడేళ్ల పిల్ల. చలి లేకపోయినా రెండు చేతులూ చొక్కా చేతుల్లోకి దూర్చుకుని ఉంది.

సుఖరోగాలను అరికట్టే చట్టం కింద నడిచే ఆ ఇళ్లలో ఆడవాళ్ల గతి ఏమిటో తేల్చమని పైవాళ్లు వేసిన విచారణ అది. ముగ్గురు దొరలు, ఒక గుమాస్తా. వాళ్ల ఇంగ్లీషుకూ మా భాషకూ మధ్య నేను. అంతకుముందు తొమ్మిదేళ్లు ఆ ఇళ్లలో చేరే పిల్లల పేర్లు రాసుకునే కార్యాలయంలో ఇదే పని చేశాను. చేరే ప్రతి పిల్లా అధికారి ఎదుట తనిష్టంతోనే చేరుతున్నానని చెప్పాలి. అలా చెప్పకపోతే పేరు రాయరు. అందుకని యజమానురాళ్లు అయిదు జవాబులు వరసగా బట్టీ పట్టిస్తారు. నా ఇష్టంతో వచ్చాను. నన్నెవరూ అమ్మలేదు. తల్లీ తండ్రీ లేరు. ఇంటి యజమానమ్మ నన్ను బాగా చూసుకుంటుంది. నేనింకెక్కడికీ పోను. భయంతో ఏ పిల్లయినా ఒక మెట్టు ముందుకు దూకి జవాబు చెప్పేస్తే, దాన్ని సరైన ప్రశ్న కింద సర్ది చెప్పేది నేను. అధికారికి పని తొందరగా తెమిలేది. పిల్ల దెబ్బలు తప్పించుకునేది. అదే దయ అనుకున్నాను అన్నాళ్లూ.

వారం వారం ఆ ఆడవాళ్లను పరీక్షించే ఆసుపత్రిలో ఆయాగా చేసే, అందరూ ‘లో’ అత్త అని పిలిచే ఆవిడ, ముందురోజు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "సౌ-హోని కాంటన్‌లో వాళ్ల బాబాయే అమ్మేశాడు మాస్టారూ. గురువారం ఓడలో సింగపూరు పంపేస్తోంది సామ్‌గూ. అక్కడికి పోయాక వెతికేదెవరు? ఆ దొరల ముందు నిజం చెప్పిందంటే ఆడపిల్లల ఆశ్రయంలో ఉంచుతారు. ఇష్టంతోనే ఉన్నానందా, ఆ కాగితం చూపించే ఓడ ఎక్కిస్తారు."

"నేను చేసేదేముంది అత్తా? ఆ పిల్ల ఏం చెబితే అది చెప్పడమే."

"అదైనా చెయ్యండి," అంది.

ఆరోజు మంగళవారం.

సౌ-హోని లోపలికి పిలిచారు. సామ్‌గూని గుమ్మం దాటనివ్వలేదు కానీ తలుపు తీసే ఉంది. పుచ్చగింజలు పగిలే చప్పుడు లోపలికి వినిపిస్తూనే ఉంది.

మధ్యలో కూర్చున్న పెద్ద దొర ముసలాయన. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మా కార్యాలయంలో ఏ పిల్లకూ ఎన్నడూ కుర్చీ వెయ్యలేదు. సౌ-హో దాని అంచున కూర్చుంది, కూర్చున్నందుకు కూడా దెబ్బలు పడతాయేమో అన్నట్టు.

"నీ పేరేమిటి?" అని దొర అడిగాడు. నేను మా భాషలో అడిగాను.

"నా ఇష్టంతో వచ్చాను."

నా నాలుక మీదికి ఆమె పేరు వచ్చేసింది. తొమ్మిదేళ్ల అలవాటు. పలికితే చాలు, గుమాస్తా రాసుకుంటాడు, గండం గడిచిపోతుంది. తలుపు దగ్గర గింజల చప్పుడు ఆగిపోయింది.

"అయ్యా," అన్నాను ఇంగ్లీషులో, "పేరడిగితే తన ఇష్టంతో వచ్చానంటోంది."

దొర తలెత్తాడు. "వయసెంతో అడుగు."

అడిగాను.

"నన్నెవరూ అమ్మలేదు."

అదీ అలాగే చెప్పాను. గుమాస్తా కలం ఆగింది. దొర నావైపు కాక ఆమెవైపు చూస్తూ, నెమ్మదిగా, "ఈరోజు పొద్దున ఏం తిన్నావు?" అన్నాడు.

"తల్లీ తండ్రీ లేరు," అంది సౌ-హో.

అదీ ఉన్నదున్నట్టే చెప్పాను. దొరలు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సౌ-హోకి ఎక్కడో తప్పు జరిగిందని తెలిసిపోయింది. ఎక్కడో తెలియలేదు.

"మాస్టారూ," అంది నాతో, గుసగుసగా, "వరస తప్పిందా? మళ్లీ మొదట్నుంచి చెప్పనా? ఆవిడతో అనకండి, మీ కాళ్లు పట్టుకుంటా."

దొర ఏమిటంటోందని అడిగాడు. నా పని అదే కనుక, ఒక్క మాట పోనివ్వకుండా, కాళ్లు పట్టుకోవడంతో సహా చెప్పాను.

ఆయనే లేచి వెళ్లి తలుపు మూశాడు. తిరిగొచ్చి, "నీకు ఇవి ఎవరు నేర్పారు?" అని అడిగాడు.

సౌ-హో చాలాసేపు నన్నే చూసింది. చొక్కా లోపల చేతులు మెలికలు తిరుగుతున్నాయి.

"దానికేం చెప్పాలో నాకు నేర్పలేదండీ," అంది. ఆ తర్వాత ఆగలేకపోయింది. బాబాయి, కాంటన్ పడవ, సామ్‌గూ పిల్లనగ్రోవంత కర్ర, గురువారం ఓడ. ఏడుపు మధ్య సగం మాటలు మింగేస్తుంటే, మింగినవి వదిలి, చెప్పినవే చెప్పాను.

ఆమెను ఆశ్రయానికి పంపమని దొర ఆర్డరు రాశాడు. తోడు వెళ్లడానికి లో అత్త వచ్చింది. వెనక మెట్ల మీదుగా దింపి పల్లకీలో కూర్చోబెట్టారు. వరండాలోంచి సామ్‌గూ గొంతు మోగుతోంది. "చదువుకున్న మనిషి! ఎంగిలి కూడు పెట్టినా కుక్కకు విశ్వాసముంటుంది!" ఆ మాటలు నాకే. ఇంటికి వెళ్లాలంటే అటే వెళ్లాలి.

పల్లకీ తెర కదిలింది. "మాస్టారూ, అక్కడ తలుపు గడియ లోపలుంటుందా, బయటుంటుందా?"

నాకు తెలియదు. లో అత్తను అడిగాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "రెండు వైపులా ఉంది."

పల్లకీ దగ్గరికి వచ్చి, "రెండు వైపులా ఉందమ్మా," అన్నాను. "లోపలిది నువ్వే వేసుకోవచ్చు."

బోయీలు లేచారు. తెర అంచున నాలుగు వేళ్లు బయటికి వచ్చి, బట్టను గట్టిగా లోపలికి లాక్కున్నాయి.