అల ఎత్తు చూసి

సౌండ్ ఇంజనీరుకు చెవులకన్నా కళ్ల మీదే నమ్మకం ఎక్కువ. తెర మీద గొంతు తాలూకు గీతలు కనిపిస్తే చాలు, ఇక్కడ అరిచారు, ఇక్కడ గొణిగారు అని వినకుండానే చెప్పేస్తాడు. అల ఎంత ఎత్తుంటే శబ్దం అంత పెద్దది. ఆంప్లిట్యూడ్ అంటే అంతే కదా అంటాడు, ఇక తెలుసుకోవాల్సిందేమీ లేనట్టు.

భార్య అలిగి వాళ్ల అక్క ఊరెళ్లి కొన్ని వారాలైంది. గొడవ చిన్నదే. ఆమె గొంతు పెంచితే, ఈ మహానుభావుడు స్టూడియో అద్దం వెనక నుంచి గాయకులకు చూపించినట్టు అరచెయ్యి కిందికి ఊపాడు. "నేనేమన్నా మీ మైకు ముందు నిలబడ్డానా?" అంటూ ఆమె సంచీ సర్దుకుంది. అప్పటి నుంచి ఇల్లు బావురుమంటోంది. ఆమె కావాలి అతనికి. రమ్మని అడగడానికే నోరు రాదు. ఒక కప్పులో తాగి, రెండు కప్పులూ కడిగి పెడుతున్నాడు.

ఆ రోజు డబ్బింగు మధ్యలో ఫోన్ చూసుకున్నాడు. ఆమె చేసిన కాల్స్, వాటి కింద ఒక వాయిస్ మెసేజి. గీతలన్నీ నిండుగా లేచి ఉన్నాయి, మధ్యలో సందే లేదు.

"అమ్మో, గుక్క తిప్పుకోకుండా దులిపేసింది," అన్నాడు డబ్బింగ్ చెప్పే పెద్దావిడతో.

"ముందు వినవయ్యా."

"వినేదేముందండీ, కనబడుతోందిగా. కాస్త చల్లబడనివ్వండి."

మధ్యాహ్నం ఇంకోటి వచ్చింది, అంతే ఎత్తు. ఫోన్ బోర్లించి పనిలో తల దూర్చాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి మూడోది వచ్చింది. గీతలు నేలకు అతుక్కుపోయినట్టున్నాయి. హమ్మయ్య, కోపం దిగింది! మెట్ల మీదే కూర్చుని చెవికి పెట్టుకున్నాడు.

"పోనీలెండి. రమ్మని మీరు పిలవలేదుగా, నాదే తొందర. తిరుగు బస్సెక్కి మళ్లీ అక్క ఇంటికొచ్చేశాను. ఇంక నా కోసం చూడకండి."

మొదటిది నొక్కాడు. బస్సు ఇంజన్లు, హారన్లు. వాటిని మించి వినబడాలని ఆమె గొంతు చించుకుంటోంది.

"వినిపిస్తోందా? బస్టాండులో ఉన్నా! వచ్చేశానండీ! సామాను బరువుగా ఉంది, ఒక్కసారి రండి!"

అంత రొదలోనూ ఆమె నవ్వుతోంది. ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఆ మెసేజే మళ్లీ మళ్లీ విన్నాడు. ఎంత వెతికినా అందులో కోపం దొరకలేదు.